జోగమ్మ చూసిన గీత

ఇరవై ఏళ్ళుగా నేనొక చప్పుడు మోస్తున్నాను. బరువంటే భుజం మీదో, గుండె మీదో ఉంటుందంటారు. నాది చెవిలో ఉంది. టిక్, టిక్, టిక్. మధ్యాహ్నం భోజనం చేసి నడుం వాల్చగానే మొదలవుతుంది. కుడివైపు తిరిగి పడుకుంటే కాస్త తగ్గుతుంది. చెవి డాక్టరుకు చూపించుకున్నాను. లోపల ఏమీ లేదమ్మా, వయసు అన్నాడు. ఏమీ లేదని నాకూ తెలుసు. మొదటి రోజు కూడా ఆ చప్పుడు వెనక ఏమీ లేదు. నేను చెప్పబోయేది అదే.

ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా ఆయన పోయారు, ఆయనకీ చెప్పలేదు. మా చర్చిలో నెలకోసారి సాక్ష్యాలు చెప్పే ఆదివారం ఉంటుంది. ఒకసారి ఇదే చెబుదామని లేచాను. మైకు చేతికొచ్చింది. మోకాలి ఆపరేషను బాగా జరిగినందుకు దేవునికి స్తోత్రం అని కూర్చున్నాను. అందరూ ఆమెన్ అన్నారు. మీరెవరో నాకు తెలీదు, నేనెవరో మీకు తెలీదు. అందుకే మీతో చెప్పగలననిపిస్తోంది. పేర్లు మారుస్తాను. ఊరి పేరు, ఆసుపత్రి పేరు అడక్కండి.

ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెందుకంటారా? పక్కింటి అమ్మాయి వల్ల. నర్సింగు చదువుతోంది. మొన్న వాళ్ళింట్లో ఏదో ఆసుపత్రి సీరియల్ వస్తుంటే నన్ను కూర్చోబెట్టి, "పెద్దమ్మా, నిజంగా ఇలాగే ఉంటుందా?" అని అడిగింది. ఇలాగే ఉంటుంది నా మొహం, అన్నాను. ఇక నా నోటికి అడ్డు లేదు. ఏ నర్సు బట్టలూ మధ్యాహ్నం దాకా అంత తెల్లగా ఉండవే పిల్లా, అన్నాను. డాక్టర్లు అలా వరండాల్లో పరిగెత్తరు, అసలు వాళ్ళెక్కడున్నారో వెతకడానికి మనం పరిగెత్తాలి. మందుల అల్మరా తాళం చెవి ఎవరి దగ్గరుందో కనుక్కోడానికే సగం డ్యూటీ అయిపోతుంది. మిషన్ తెర మీద గీత సాపైపోయిన గుండెకు కరెంటు పెట్టరు, పెట్టినా లేవదు. సీరియల్లో చచ్చేవాడు చెప్పాల్సిందంతా చెప్పి చస్తాడు, నిజంగా మనిషి పోతుంటే పక్క మంచం వాడికి కూడా తెలీదు. పిల్ల పడీ పడీ నవ్వింది. అంతలో టీవీలో సాపుగా ఉన్న గీత లేచింది. టిక్, టిక్ అంది. పొయ్యి మీద పాలున్నాయని అబద్ధం చెప్పి ఇంటికొచ్చేశాను.

మాది విజయనగరం వైపు. నాన్న రైల్వేలో గ్యాంగుమన్. కిరండూల్ లైను మీద పట్టాలు చూసుకునే పని. నేను ఆ క్వార్టర్లలోనే పెరిగాను, రైల్వే ఆయన్నే చేసుకున్నాను. నేను పనిచేసింది బస్తర్‌లో ఇనుప కొండల కింద, ఎర్ర ధూళి అన్నంలో కూడా పడే ఊరు. గని ఉద్యోగులకు వాళ్ళ పెద్ద ఆసుపత్రి ఉంది. మాది కాలనీ బయట, ఎవరో దాతలు పెట్టిన పన్నెండు మంచాల ఆసుపత్రి, నేనందులో నర్సుని. ఇప్పుడది లేదు. ఠేకాదారు, అంటే కాంట్రాక్టరు కింద పనిచేసే కూలీలు, అడవి ఊళ్ళ వాళ్ళు మా దగ్గరికి వచ్చేవారు. డాక్టర్లు రాయపూర్ నుంచో బిలాస్‌పూర్ నుంచో వస్తారు, హిందీ తప్ప రాదు. సుక్మాకు దక్షిణం నుంచి వచ్చే దోర్ల తెగ వాళ్ళకు హిందీ రాదు, వాళ్ళ మాట తెలుగుకు దగ్గర. మధ్యలో నేను. డాక్టరు నోరూ నేనే, రోగి నోరూ నేనే. డాక్టర్లు ఏడాదికొకరు మారేవారు, నేను మారేదాన్ని కాదు. అందుకని కొంచెం పొగరుండేది. కొంచెమేమిటి, బాగానే ఉండేది.

ఆ రోజుల్లోనే మా హాల్లో టీవీ పెట్టారు. మధ్యాహ్నం రెండు గంటలకు ఒక హిందీ సీరియల్ వచ్చేది, పెద్ద నగరంలో పెద్ద ఆసుపత్రి కథ. రోగుల వాళ్ళు, మేము, ఆయాలు, అందరం దాని ముందే. భాష రానివాళ్ళు కూడా చూసేవారు, ఎందుకంటే గీతకు భాష అక్కర్లేదు. గీత ఎగిరితే మనిషి ఉన్నాడు, సాపైతే లేడు. ఆ సీరియల్ వచ్చాక రోగుల చుట్టాలు మా ప్రాణం తీశారు. "మిషన్ పెట్టరా? గీత మిషన్ లేదా?" ఒక సంతబేరగాడైతే గీత మిషన్ లేని ఆసుపత్రి ఏం ఆసుపత్రని తండ్రిని మంచం మీదినుంచే లేపుకుని గీదం ఊళ్ళో ఆసుపత్రికి తీసుకుపోయాడు. నాకు ఒళ్ళు మండింది. నిజానికి మాకు మిషన్ ఉంది. ఎక్కడో వాడి వదిలేసిన పాత మానిటరు, దానంగా వచ్చింది. రెండు నెలలు పనిచేసింది. తర్వాత ఎలుకలు దాని వైరు కొరికేశాయి. కొత్త వైరు కోసం రాశాం. రాలేదు.

ఆ మిషన్ బిగించిన రోజు వచ్చిన ఇంజనీరు నాకొక వింత చూపించాడు. లోపల ఎక్కడో మూడు బటన్లు నొక్కితే మిషన్ తనంతట తనే గీత గీస్తుంది. మనిషి అక్కర్లేదు. డెబ్బై రెండు అని అంకె చూపిస్తుంది, టిక్ టిక్ అంటుంది. అమ్మేటప్పుడు చూపించడానికి, నేర్పించడానికి అలా పెడతారట. తెర మూలన చిన్నగా ఇంగ్లీషులో డెమో అని పడుతుంది. రోగి దగ్గర మాత్రం ఎప్పుడూ నొక్కకండి సిస్టర్ అని నవ్వుతూ చెప్పాడు. ఎందుకు నొక్కుతాను, నాకేమైనా పిచ్చా, అన్నాను.

నొక్కాను. మొదటిసారి గ్యాసు నొప్పితో వచ్చిన ఒక ముసలాయన దగ్గర. కొడుకులు నలుగురూ మిషన్ మిషన్ అని నా చుట్టూ తిరుగుతుంటే విసుగొచ్చి మానిటరు తోసుకొచ్చాను. తెగిన వైరును దుప్పటి కిందికి దోపాను. మూడు బటన్లు నొక్కాను. మూలనున్న ఆ ఇంగ్లీషు ముక్క చదివే పిల్లలెవరైనా ఉంటారేమోనని కట్లకు వాడే తెల్ల ప్లాస్టరు చిన్నముక్క చింపి దాని మీద అంటించాను. గీత ఎగిరింది. నలుగురూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. ముసలాయన సాయంత్రానికి లేచి ఇంటికెళ్ళాడు. పోతూ పోతూ మిషన్‌కు దణ్ణం పెట్టాడు. ఆయా, నేను ఎంత నవ్వుకున్నామో! ఇందులో తప్పేముంది? మందు మందే, గీత గీతే. రోగికి మందు, చుట్టాలకు గీత. అలా ఎన్నిసార్లు పెట్టానో లెక్క లేదు. ఆ ఏడాది వచ్చిన కొత్త డాక్టరుకు వైరు తెగిందనే తెలుసు, ఈ సంగతి తెలీదు. ప్లాస్టరు మాత్రం తీసేదాన్ని కాదు, అలవాటైపోయి అక్కడే ఉండేది.

ఇక జోగమ్మ సంగతి. ఇక్కడిదాకా పెన్ను బాగానే నడిచింది.

ఆమెకు పాతికేళ్ళు ఉంటాయేమో. సుక్మా కింద పల్లె. మొగుడు లచ్చయ్య రైలు పెట్టెల్లోకి ఖనిజం ఎక్కించే చోట ఠేకా కూలీ. పట్టాల పక్కన గుడిసెలో ఉండేవారు. అతన్ని జ్వరంతో తెచ్చింది. మూడు రోజులనుంచీ ఉందట, కళ్ళు పచ్చగా ఉన్నాయి, మాట తడబడుతోంది. మలేరియా తలకెక్కింది. డాక్టరు సూది మందు రాసి, సెలైను పెట్టించి నాతో చెప్పాడు. అరగంటకోసారి బీపీ చూడాలి, ఊపిరి మారితే వెంటనే పిలవాలి, జీపు గీదం నుంచి రాగానే జగదల్‌పూర్ పెద్దాసుపత్రికి పంపించేద్దాం. ఇది నేను జోగమ్మకు చెప్పాలి. ఏం చెప్పానో తెలుసా? "డాట్రుబాబు సూసినారు. భయం నేదు" అన్నాను. అంతే. ఊపిరి మారితే పిలువు అనే మాట మింగేశాను. చెబితే పదే పదే పిలుస్తుందని.

అప్పటికీ ఆమె నన్ను వదల్లేదు. వెనకే తిరుగుతూ, మొగుడికి ఎలా ఉందని ఒకటే అడగడం. నేను మానిటరు తోసుకొచ్చాను. దుప్పటి ఎత్తాను, వైరు దోపాను, మూడు బటన్లు నొక్కాను. గీత లేచింది. జోగమ్మ మొహంలోకి వెలుగొచ్చింది. స్టూలు లాక్కుని దాని ముందు కూర్చుని, గీత ఎటు పోతే అటు గాలిలో వేలు కదపడం మొదలుపెట్టింది. నేను మొదటి బీపీ చూశాను. తక్కువగా ఉంది. డాక్టరుకు చెప్పాలి. గోడ గడియారం చూశాను. రెండు కావస్తోంది. చెబుదాంలే అనుకుని హాల్లోకి వెళ్ళాను.

మిగతా రోగులు ఎక్కువగా ఉన్నారనో, వేరే ప్రసవం వచ్చిందనో చెప్పుకోవచ్చు. చాలా ఏళ్ళు నాకు నేను అలాగే చెప్పుకున్నాను. ఏమీ లేదు. సీరియల్ చూడ్డానికి వెళ్ళాను. ఆ రోజు అందులో నర్సుకు మంచి సీను ఉంది. డాక్టర్లందరూ వదిలేసిన రోగి చెయ్యి పట్టుకుని కూర్చుని, ఇతను బతికే ఉన్నాడు అంటుంది. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవును, తిరిగాయి. నాలాంటి దాని గురించి తీశారనుకున్నాను.

జోగమ్మ తలుపు దగ్గరికి వచ్చింది.

"అక్కా, జర రా. ఈన సేతులు సల్లగైనయి."

నేను లేవలేదు. తల తిప్పాను. హాల్లోంచి వార్డు తలుపులోంచి ఆ తెర కనిపిస్తుంది. ఎగురుతూ, దిగుతూ, ఎగురుతూ, దిగుతూ.

"గీత ఎల్తంది గదే. ఎల్తన్నంత సేపూ నీ మొగుడికేటీ అవదు. సెలైను ఎక్కుతంటే సెయ్యి సల్లగానే ఉంటాది. ఎల్లి కూకో."

"ఏందో అక్కా. గీత మంచిగనే పోతాంది. మరి కాళ్ళు గూడ సల్లగైనయేంది?"

"సెప్పేను గదా, కూకోమని!"

వెళ్ళి కూర్చుంది. నా మాట విని కాదు, గీతను నమ్మి. మీకు చెప్పలేక ఇన్నేళ్ళు ఆగింది దీని గురించే. ఆ క్షణంలో నేను కూడా గీతనే చూశాను. మీద అంటించిన ప్లాస్టరు నాది, దుప్పటి కింద వైరు దోపింది నేను, అయినా తల తిప్పి చూసి ఆ గీత ఎగురుతోంది కదా అని నా మనసు నిజంగా నిమ్మళించింది. నేనే చేసిన బొమ్మకు నేనే మొక్కాను. ఎలా నమ్మాను? ఇప్పటికీ తెలీదు.

సీరియల్ అయ్యాక వెళ్ళాను. వార్డు నిశ్శబ్దంగా ఉంది. బయట ఎండ, కిటికీ చువ్వల మీద ఎర్ర ధూళి. టిక్, టిక్, టిక్. లచ్చయ్య నోరు కొంచెం తెరుచుకుని ఉంది. కంటి మూల మీద ఈగ వాలి ఉంది, కదలడంలేదు. తెర మీద డెబ్బై రెండు. జోగమ్మ వేలు గాలిలో ఎగురుతూ దిగుతూ ఉంది. నన్ను చూసి నవ్వింది. ఒక్కసారి కూడా ఆగలేదక్కా అంది.

నాడి చూడాలి ముందు. నర్సన్నది ఎవరైనా అదే చేస్తుంది. నా చెయ్యి మాత్రం ప్లాస్టరు మీదికి పోయింది. చింపి గుప్పిట్లో దాచుకున్నాను. మిషన్ ఆపేశాను. గీత ఆరిపోయింది. అప్పుడు లచ్చయ్య మణికట్టు పట్టుకున్నాను.

జోగమ్మ కళ్ళతో చూడండి ఒకసారి. మొగుడి గుండె ఆడుతోంది, ఆమె కళ్ళముందే. సిస్టరు వచ్చింది. బటను నొక్కింది. తర్వాత, పోయాడంది.

ఆ కేక నేను రాయలేను. డాక్టరు పరిగెత్తుకొచ్చాడు, అవును, ఆ ఒక్కరోజు సీరియల్లోలాగే పరిగెత్తాడు. జోగమ్మ ఆయన కాళ్ళు పట్టుకుని, గీత పోతాంది సారూ, ఈమె బందు చేసింది, మల్ల పెట్టమను, అని ఏడుస్తోంది. ఆయన నా వైపు తిరిగాడు. "క్యా బోల్ రహీ హై, సిస్టర్?" ఏమంటోందామె అని. మొత్తం ఆసుపత్రిలో ఆ మాట ఈ చెవినుంచి ఆ చెవికి చేర్చగలిగినదాన్ని నేనొక్కదాన్నే. ఒక్క క్షణం పట్టింది అంతే. "కుఛ్ నహీఁ, సాబ్. సీరియల్ దేఖ్ దేఖ్ కే ఐసా బోల్ రహీ హై" అన్నాను. ఏమీ లేదు, సీరియళ్ళు చూసి ఇలా మాట్లాడుతోంది. ఆయన నిట్టూర్చాడు. వైరు తెగిన మిషన్‌లో గీత ఎక్కడిది? జాలిగా ఆమె తల నిమిరాడు. నేను కాగితం తీసుకుని రెండు గంటలకు ఇంత, రెండున్నరకు ఇంత అని బీపీ అంకెలు నింపేశాను. అవీ డెమోనే.

లచ్చయ్య బతికేవాడా? ముందే పిలిస్తే, బీపీ చెప్పి ఉంటే? ఏమో. ఆ జ్వరం చాలామందిని తీసుకుపోయింది. బతికేవాడు కాదేమో అనే మాటను నేను ఎన్ని మధ్యాహ్నాలు చప్పరించానో. దాన్ని పట్టుకుని నిద్రపోవచ్చు. కానీ జోగమ్మకు నేను చేసింది అంతకంటే పెద్దది. మొగుడు నిజంగా చనిపోయాడన్న నమ్మకమే ఆమెకు లేకుండా చేశాను.

ఊరికి తీసుకుపోయే బండి దొరకలేదు. పట్టాల అవతలి పొదల దగ్గర మట్టి చేశారు. తర్వాత ప్రతి సంతరోజూ జోగమ్మ మా హాల్లోకి వచ్చేది. రెండు గంటలకు టీవీ ముందు నేలమీద కూర్చునేది. తిట్టేది కాదు, ఏడ్చేది కాదు. సీరియల్లో గీత వస్తే వేలు కదిపేది. సాపైతే వేలు ఆపేది. మళ్ళీ లేస్తే మెల్లగా నా వైపు తిరిగి చూసేది. ఆయాలు నవ్వేవారు, టీవీ పిచ్చిదొచ్చింది అని. నేను నవ్వలేదు. అలాగని నవ్వొద్దనీ అనలేదు.

మట్టి చేసిన చోట పడుకుని చెవి పెట్టి వింటోందని ఎవరో చెప్పారు. ఇక నా వల్ల కాలేదు. ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక చెప్పేద్దామని నిశ్చయించుకుని, ఆ బట్టలతోనే వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం. చీమ చిటుక్కుమనడంలేదు. నిజంగానే పడుకుని ఉంది, చెంప మట్టికి ఆనించి, కళ్ళు మూసుకుని. వేలు కదులుతోంది. నన్ను చూసి లేవలేదు. రమ్మని చేత్తో సైగ చేసింది.

ఎందుకు పడుకున్నానో తెలీదు. ఇస్త్రీ తెల్లచీరతో ఆ ఎర్రమట్టిలో పడుకుని చెవి ఆనించాను.

వినిపించింది. ధక్, ధక్. ధక్, ధక్. లోపలినుంచి, కింది నుంచి, ఆగకుండా. దేవుడి మీద ఒట్టు, ఒక్క క్షణం లచ్చయ్యే అనుకున్నాను.

తర్వాత తెలిసింది. గ్యాంగుమన్ కూతుర్ని కదా. చిన్నప్పుడు నాన్న పట్టాకు చెవి ఆనించి నేర్పాడు, ఇది ఖాళీ బండి, ఇది లోడు బండి అని. అది లోడు బండి. ఖనిజం ఎక్కించుకుని కిందికి దిగుతోంది. గాలిలో కూత వినపడకముందే మట్టిలో వస్తుంది. చెప్పాల్సిన మాట నాలుక చివర ఉంది. రైలేనే జోగమ్మా, రైలు. మిషన్ కూడా ఉత్తిదేనే.

"ఇనబడ్డదా అక్కా?" అంది. ఆ కళ్ళల్లో ఎంత ఆశ!

"ఇనబడ్డాదే" అన్నాను.

జాలితో అన్నానని కొన్నాళ్ళు అనుకున్నాను. జాలి కాదు. బండి అని చెబితే గీత సంగతి కూడా చెప్పాలి. అందుకన్నాను.

నాలుగు రోజులకు ఆమెను ఆసుపత్రికి తెచ్చారు. వేళ్ళ గోళ్ళన్నీ ఊడిపోయాయి. చేతుల్తో తవ్విందట. మోచేతి లోతు దాకా వెళ్ళాక గుడిసెల వాళ్ళు చూసి లాగేశారు. సుక్మా నుంచి అన్న వచ్చి పక్కన నిలబడి ఉన్నాడు. డ్రెస్సింగు నాదే. ఒక్కో వేలూ కడిగి, మందు రాసి, చుడుతున్నాను. ఆమె అరవలేదు. అన్న వైపు చూసి, "అక్క గూడ ఇన్నది. అడుగు కావల్సుంటే" అంది. తర్వాత నాతో, "చెప్పక్కా ఈళ్ళకి. నువ్వు ఇన్నవ్ గద" అంది.

అన్న నన్ను చూశాడు. ఆయా చూసింది. నేను తల ఎత్తలేదు. తెల్ల ప్లాస్టరు చింపి ఆమె చిటికెన వేలికి అంటించాను. అదే చుట్ట, అదే ప్లాస్టరు.

"పిచ్చి ముదిరిపోనాది పాపం. ఊరికి తీసుకుపో నాయనా" అన్నాను.

జోగమ్మ చెయ్యి వెనక్కి తీసుకుని ఒడిలో పెట్టుకుంది. సాయంత్రం బస్సుకు తీసుకెళ్ళిపోయాడు. మళ్ళీ నేనామెను చూడలేదు. ఉందో లేదో తెలీదు. ఉంటే ఈపాటికి జుట్టు నెరిసి ఉంటుంది. ఏ ఇంట్లోనో టీవీలో గీత కనపడితే వేలు కదుపుతుందేమో.

పక్కింటి పిల్ల అడిగిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పగలను. సీరియల్లో అన్నీ అబద్ధాలే పిల్లా. కానీ అవి అబద్ధాలని వాళ్ళు దాచుకోరు. ప్లాస్టరు అంటించింది నేను.

క్షమించమని అడగడానికి మీరెవరు, నేనెవరు? అడగను. అడగాల్సిన మనిషికి చదవడం రాదు. అయినా ఆమెకు చెప్పాల్సింది ఆమె భాషకు దగ్గరగా ఉన్న నా భాషలో ఒక్కసారి రాసిపెడతాను. ఇరవై ఏళ్ళలో ఈ మాటలు బయటికి రావడం ఇదే మొదలు, రాస్తుంటే కాస్త ఊపిరి ఆడుతోంది.

జోగమ్మా, ఆ గీత నీ మొగుడిది కాదు. ఎవరిదీ కాదు. వైరు దుప్పటి కింద ఉంది, దేనికీ తగల్లేదు. మట్టిలో నువ్వు విన్నది లోడు బండి. నేను బటను నొక్కినప్పుడు లచ్చయ్య పోలేదు. నువ్వు తలుపు దగ్గరికొచ్చి చేతులు చల్లబడ్డాయన్నావే, అప్పుడే పోతున్నాడో, పోయాడో. నీకు పిచ్చి లేదు. ఆ రోజు ఆ ఆసుపత్రిలో అతన్ని ముట్టుకుని చూసింది నువ్వొక్కదానివే.